గొట్టంలో సగం బోల్టు

ఎమ్మిగనూరు,
12 జూన్ 2024.

గఫూర్ సాబ్ గారికి,

తిక్కయ్య నమస్కారాలు. నేను గుర్తున్నానో లేదో తెలియదు. ఎమ్మిగనూరులో బోరు మోటార్లు బాగుచేసేవాణ్ణి. మీ కార్ల రిపేరు షెడ్డుకు రెండు మూడు సార్లు వచ్చాను. మీకు చెవులు బొత్తిగా వినిపించడం లేదని, షెడ్డు మూసేశారని పత్తి యార్డులో చెప్పారు. ఫోనులో అడిగే పని కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. రోజూ ఇక్కడి నుంచి ఆదోనికి ఆటో తోలే సామ్సన్ దీన్ని తెచ్చి ఇస్తాడు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి.

నా దగ్గర ఒక పాత మారుతి కారు ఉంది. ముందు ఎడమ చక్రాన్ని బండి చట్రానికి పట్టి ఉంచే ఇనుప చేయి, దాని లోపలి కొసలో రబ్బరు బుష్, బుష్ మధ్యలో ఇనుప గొట్టం, ఆ గొట్టంలో బోల్టు. ఆ బోల్టు పట్టుకుపోయింది. ఏడాదికి పైగా బయట పడి ఉన్న బండి. మోటార్ల పని నేను చూసి చూసి నేర్చుకున్నాను గాని, కార్ల పని తెలియదు. బోల్టుకు దెబ్బ తగలకుండా తీయాలి. ఎలా తీయాలో చెప్పగలరు.

ఇట్లు,
తిక్కయ్య.

•

ఆదోని,
17 జూన్ 2024.

తిక్కయ్యకు గఫూర్ సాబ్ దువా.

నువ్వు బాగా గుర్తుండావు. మా షెడ్డుకొచ్చినోళ్ళంతా పని అయ్యేదాకా నా నెత్తిన నిలబడి మాట్లాడేటోళ్ళు. నువ్వొక్కడివే ఓ పక్కన కూర్చోని నా చేతులు చూస్తాంటివి. టీ తాగి గ్లాసు కడిగి పెట్టినోడివి గూడా నువ్వొక్కడివే. ఇప్పుడు నాకు ఉరుము గూడా ఇనపడదు. పత్తి జిన్నింగు మిల్లులో ఇరవై ఏండ్లు, షెడ్డులో ఇరవై ఏండ్లు, సుత్తి దెబ్బలన్నీ చెవుల్లోనే దాసుకున్నా.

మొదలు డీజిల్ పొయ్యి. పొద్దున ఒకతూరి, సాయంత్రం ఒకతూరి. మూడు దినాలు దాన్ని ముట్టుకోవద్దు. నాలుగో దినం పానా పట్టు. ఇప్పే పక్కకు గాదు, ముందు బిగించే పక్కకు వెంట్రుకంత తిప్పు. ఆమీట ఇప్పు. పట్టుకుపోయిన బోల్టు మొండి మనిషి మాదిరి. వాడు పోయే దావనే నాలుగడుగులు వాడితో పోయి, అప్పుడు తిప్పుకోని రావాల.

బోల్టు తిరిగినట్టే తిరిగి మళ్ళా యెనక్కి వస్తాందంటే మోసపోవద్దు. అది రబ్బరు మెలిదిరగడం. అట్లయితే నట్టును కొసదాకా తెచ్చి, నట్టూ బోల్టు మొనా ఒక్క మట్టం చేసి, దాని మీద కొట్టు. ఒట్టి మొన మీద కొడితే పుట్టగొడుగు మాదిరి పగిలి గొట్టంలోంచి ఎప్పటికీ రాదు.

ఒక్క మాట మటుకు గట్టిగా ఇను. నిప్పు పెట్టొద్దు. రబ్బరు అంటుకుంటాది, అది ఒక పక్క. తీసిన బోల్టు చూస్తే బండి రోగమంతా తెలుస్తాది. నిప్పు చూపిచ్చినావంటే ఏమీ తెలీదు. డాక్టరు మందు రాసేముందు పేరు అడుగుతాడు గదా. బండి ఏందో రాసినావు, ఎవరిదో రాయలా.

గఫూర్ సాబ్.

తిక్కయ్యన్నకు, నేను గఫూర్ సాబ్ కోడలు అఫ్సానాను. మామ చదువుతారు గాని చేయి వణుకుతుంది, రాయలేరు. ఆయన చెప్తుంటే నేను రాస్తాను. పుస్తకం భాషలోకి మారిస్తే చదివి పట్టుకుంటారు, అందుకని ఆయన మాటలే పెట్టాను. ‘నిప్పు పెట్టొద్దు’ కింద గీత కూడా గీయమన్నారు. మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి పాత పానాలు బయటికి తీసి తుడుస్తున్నారు. చాలా రోజులకు ఆయనను ఒక పని అడిగినవారు మీరే.

•

ఎమ్మిగనూరు,
2 జూలై 2024.

గఫూర్ సాబ్ గారికి,

మీరు చెప్పినట్టు మూడు రోజులు కాదు, పది రోజులు డీజిల్ పోశాను. తల వైపు పానా వేసి బిగించే పక్కకు తిప్పాను. తిరిగినట్టే తిరిగి వెనక్కి వచ్చింది. రబ్బరే.

నట్టు మీద కొట్టమన్నారు. నట్టు లేదు. ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. బోల్టు విరిగిపోయింది. నట్టు వైపు ముక్క రోడ్డు మీద ఎక్కడో పోయింది. తల వైపు సగం గొట్టంలో ఉంది. విరిగిన ముఖం గొట్టం లోపల అర అంగుళం లోతులో ఉంది. టార్చి వేసి చూస్తే తుప్పు, మట్టి తప్ప ఏమీ కనపడలేదు.

బండి ఎవరిదని అడిగారు. నా తమ్ముడు నరసింహది. వాడు బాడుగకు తోలిన తెల్ల బండి. మీరు దాని ముందు చక్రం పని చేశారు.

పోయిన సంవత్సరం ఫిబ్రవరి 17న నరసింహ మంత్రాలయం రోడ్డు స్టేషన్‌లో దిగిన ఇస్సాకు అనే పెద్దమనిషిని ఎక్కించుకొని కోడుమూరు పోతున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలు. గోనెగండ్ల ఇంకా రాలేదు. బండి ఎడమకు పోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. ఇస్సాకు అక్కడే చనిపోయాడు. నరసింహకు చేయి విరిగింది. డ్రైవరు నిద్రపోయాడని, గోడ దెబ్బకే చక్రం ఊడిందని కాగితాల్లో రాశారు. ఆదోని కోర్టులో కేసు నడుస్తోంది.

మొదటి రోజు ఆసుపత్రిలో నరసింహ, “స్టీరింగు దానంతట అదే గుంజుకుండెన్నా” అన్నాడు. అందరూ నిద్రపోయావు నిద్రపోయావు అనేసరికి నెల తిరిగేలోపల ఆ మాట మానేశాడు. ఇప్పుడు, “నేను కన్ను మూసినానో లేదో నాకే తెలీదన్నా. మూసే ఉంటా. లేకుంటే అంత పెద్దాయన ఎట్ల సస్తాడు?” అంటాడు. బండి తోలడం మానేసి మగ్గాల షెడ్డులో దారం చుడుతున్నాడు. ఆగస్టు 20న వాయిదా ఉంది. ఆ రోజు తప్పు ఒప్పుకుంటానని లాయరుకు చెప్పేశాడు. ఒప్పుకుంటే జైలు.

గోడ దెబ్బకు బోల్టు విరిగిందా, బోల్టు విరిగి బండి గోడకు పోయిందా? అది చెప్పగలిగింది గొట్టంలో ఉన్న ముక్క ఒక్కటే. దాని ముఖం చెడకుండా బయటికి రావాలి. దారి చెప్పండి.

తిక్కయ్య.

•

ఆదోని,
9 జూలై 2024.

తిక్కయ్యకు,

నీ ఉత్తరం చదివినా. తమ్మునికి అట్ల అయినందుకు మనసుకు కష్టమాయ.

ఆ ముక్క రాదు. వచ్చేదయితే పది దినాల డీజిలుకు వచ్చుండును. వట్టి చేతులతో ఎన్నాళ్ళని కుస్తీ పడతావు? గ్యాసు కటింగోన్ని పిలిపిచ్చు. బుష్ దగ్గరనే మంట పెట్టి కోసెయ్యమను. అయిదు నిమిషాల పని. ఆమీట బండిని పాత సామానుకు ఇచ్చెయ్. చచ్చిన బండిని ఇంటి ముందర పెట్టుకోగూడదు.

గఫూర్ సాబ్.

అన్నా, ఈ కింది మాటలు మామ చూడలేదు. పోయిన ఉత్తరంలో నిప్పు వద్దని నా చేత గీత గీయించిన మనిషి ఈసారి మంట పెట్టమంటున్నారు. ఎందుకని కాగితం మీద రాసి అడిగాను. చదివి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. జవాబు చెప్పకూడదనుకుంటే ఆయన అలాగే చేస్తారు. రెండు రోజులుగా సరిగా తినడం లేదు. పానాలన్నీ మళ్ళీ గోనెసంచిలో వేసి కట్టేశారు. ఏమి జరుగుతోందో నాకు తెలియదు. మీరు మాత్రం గ్యాసు వాణ్ణి పిలవకండి.

•

ఎమ్మిగనూరు,
28 జూలై 2024.

గఫూర్ సాబ్ గారికి,

గ్యాసు పెట్టలేదు.

ఏం చేశానో వరుసగా రాస్తాను. 19వ తేదీ బోల్టు తలకూ బుష్‌కూ మధ్య ఉన్న సందులో ఇనుము కోసే హాక్సా బ్లేడు ఒక్కటే దూర్చి, చేత్తో పట్టుకునే కొసకు గుడ్డ చుట్టి కోశాను. సందు వేలి గోరంత. ఫ్రేము పట్టదు. నాలుగు బ్లేడ్లు విరిగాయి. రెండు రోజులకు తల తెగింది. ఇనుప చేయి కిందికి దిగింది, ముక్క దానిలోనే ఉంది.

21న ఇనుప చేయిని బల్ల మీది వైస్‌లో బిగించి కత్తితో రబ్బరు చుట్టూ కోసి తీశాను. మిగిలింది గొట్టం, దాని లోపల ముక్క. తల తెగిన వైపు నుంచి కొడితే వచ్చేదేమో. విరిగిన ముఖం గొట్టానికి రాసుకొని చెడుతుందని కొట్టలేదు. గొట్టాన్నే నిలువునా చీల్చాలనుకున్నాను.

గొట్టం మందం రెండు మిల్లీమీటర్లు. బ్లేడు అంతకన్నా లోతు పోతే బోల్టు మీద గాటు పడుతుంది. గాటు పడితే రేపు ఎదుటి లాయరు అది నేను చేసిన గాటే అంటాడు. పది లాగులు లాగడం, ఆపడం, ఊది చూడడం. ఇనుము రంగు మారితే గొట్టం అయిపోయినట్టు. నా చెమట ముక్క మీద పడకుండా తలకు తువ్వాలు కట్టుకున్నాను.

23న నరసింహ అన్నం తినడానికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

“ఏం జేస్తాండావన్నా ఆ పీనుగతో?”

“పాత సామానుకు ఎయ్యాలంటే ఇప్పాల గదప్పా.”

“పాత సామానోడు ఇప్పమన్నాడా? సుత్తితో నాలుగు పీకి తూకం ఏసుకోని పోతాడు వాడు. నువ్వేమో సంటిబిడ్డకు గోర్లు తీసినట్టు తీస్తాండావు.”

నేను వంగి ఇనుప పొడి ఊదాను. “తీయి తీయి. అయిపోయినంక నాకూ తీద్దువు” అని నవ్వాడు. చాలా నెలలకు నవ్వాడు.

26న ఒక వైపు చీలిక పూర్తయింది. 27 మధ్యాహ్నం రెండో వైపు. ఉలి పెట్టి మెల్లగా విప్పితే గొట్టం చింతకాయ తొక్కలాగా రెండుగా విడిపోయింది. ముక్క చేతిలోకి వచ్చింది. గాటు లేదు.

కిరోసిన్‌లో కడిగి ఎండలో చూశాను. గోడ దెబ్బకు విరిగిన ఇనుము అయితే ముఖమంతా ఒకే తీరుగా గరుకుగా ఉండాలి. ఇది అలా లేదు. చుట్టూ అంచున పల్చగా వెల్డింగు ఉంది. మధ్యలో వెల్డింగు పట్టనే లేదు. అక్కడ హాక్సా గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఎవరో బోల్టును కోసి, ఇంకో ముక్కను ఆనించి, పై పైన అతికి, అతుకు తెలియకుండా నున్నగా రుద్దారు. ఆ ముఖం మీదే ఒక పక్క అరిగి మెరుస్తోంది.

ఆ బోల్టును చివరిసారి ముట్టుకున్నది మీ షెడ్డులో. మీరు మంట పెట్టమన్నది ఎందుకు?

తిక్కయ్య.

•

ఆదోని,
3 ఆగస్టు 2024.

తిక్కయ్యకు,

నేనే.

ఆ దినం నువ్వు బండి తెచ్చినప్పుడు గూడా బోల్టు ఇట్లే పట్టుకోనుండె. నేనే కోసి తీసినా. ఆ పొడుగు బోల్టు ఆదోని అంగళ్ళలో యాడా దొరకలా. కర్నూలు నుంచి రావాల, రెండు దినాలు పడతాదన్నారు. నువ్వు బండి ఈ పొద్దే కావాలంటివి. తల ఉండే ముక్కకు ఇంగో ముక్క ఆనిచ్చి అతికినా.

మిల్లులో మేం నేర్చుకున్న పని అది. పత్తి సీజన్లో మిషను ఆపితే మేనేజరు ఊరుకోడు. ఇరిగిందాన్ని అతికిచ్చి నడిపిచ్చేది. ఆదివారం మిల్లు ఆగినప్పుడు కొత్తది ఎక్కిచ్చేది. ఇరవై ఏండ్లు అట్లనే చేసినా, ఒక్క మనిషికి గోరు గూడా తెగలా. షెడ్డు పెట్టినంక గూడా చేయి అదే పని చేస్తా పోయింది. మిల్లుకు ఆదివారం వస్తాది తిక్కయ్యా. బండికి ఆదివారం యాడుంది?

మెరుస్తాండే పక్క సంగతి చెప్తా. అతుకు ఆడ ముందే బీట ఇచ్చింది. రెండు ముక్కలూ ఒకదానికొకటి రాసుకోని రాసుకోని నున్నగయినాయి. ఒక్క దెబ్బకు తెగింది అట్ల మెరవదు. నీ తమ్ముడు నిద్రపోలా. స్టీరింగు గుంజింది నిజం. ఎవరడిగినా, యాడడిగినా ఇదే చెప్తా.

మంట ఎందుకు పెట్టమంటి? నాకు డెబ్బై రెండేండ్లు. ఈ ఊర్లో గఫూర్ సాబ్ చేయి పడితే బండి బాగైనట్టే అని చెప్పుకుంటారు. చెవులు పోయినాక నాకు మిగిలింది ఆ మాట ఒక్కటే. అది గూడా పోతాదని భయపడితి. ఇది ఒకటి.

ఇంగొకటి ఉండాది. నువ్వు మూడు ఉత్తరాలు రాసినావు. మూడింట్లోనూ ఆ మాట కోసం ఎతికినా, లేదు. నాలుగు దినాలే నడపమని, మెల్లగా పొమ్మని, శనివారంలోగా తెస్తే కొత్త బోల్టు ఏస్తానని ఆ దినం నీకు చెప్పినట్టు నా తలకాయలో ఉండాది. నువ్వు తల ఊపినట్టు గూడా ఉండాది. ముసలితనం, చెప్పకుండానే చెప్పినా అనుకుంటాండానేమో. ఆ తావున నువ్వూ నేనూ ఇద్దరమే ఉంటిమి. నువ్వు చెప్పలేదంటే చెప్పనట్టే. కోర్టులో గూడా అట్లనే ఒప్పుకుంటా. కానీ నాకు తెలియాల. చెప్పినానా, లేదా?

గఫూర్ సాబ్.

ఈసారి నేను ఏమీ చేర్చడం లేదన్నా. మామ పక్కనే కూర్చొని ప్రతి అక్షరం చూస్తున్నారు. - అఫ్సానా.

•

ఎమ్మిగనూరు,
11 ఆగస్టు 2024.

గఫూర్ సాబ్ గారికి,

చెప్పారు.

రోజూ చేసిన పనులు ఒక పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. పోయిన సంవత్సరం ఫిబ్రవరి 6వ తేదీ కింద నా చేతి రాత ఉంది: “బండి ఆదోని. బోల్టు అతుకు. నాలుగు రోజులే. శనివారం లోపల మళ్ళీ పోవాలి.” ఆ రోజు నరసింహకు జ్వరం, అందుకే బండి నేను తెచ్చాను. మరునాటి నుంచి పెళ్ళి ముహూర్తాలు. రోజూ బాడుగలు. సంగతి చెబితే వాడు బండి ఆపేస్తాడు. ముహూర్తాలు అయ్యాక చెబుదామనుకున్నాను. మరచిపోలేదు. శనివారం వచ్చింది, పోయింది. ఇంకో ఆరు రోజులకు ఇస్సాకు చనిపోయాడు.

ఆ రోజు కల్వర్టు దగ్గరికి పోయాను. గోడకు ఇరవై అడుగుల ముందు నుంచే తారు మీద ఇనుము గీరుకున్న చార ఉంది. చూశాను. అనుమానం అప్పుడే వచ్చింది. అది నిజం కాకూడదని, పోలీసులు వదిలిన బండిని నా షెడ్డు వెనక పడేసి, టార్పాలిన్ కప్పి, దాని వైపు చూడకుండా తిరిగాను. నరసింహ తప్పు ఒప్పుకుంటానన్న రోజున టార్పాలిన్ తీశాను. అతుకు దగ్గర కాకుండా ఇంకెక్కడైనా విరిగి ఉంటే చాలు అనుకుంటూ మీకు మొదటి ఉత్తరం రాశాను. వాణ్ణి కాపాడడానికి అని రాస్తే సగం అబద్ధం.

మీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. మీరు నాకు చెప్పలేదని ఒక్క ముక్క రాస్తే సరిపోతుందని మీరే దారి చూపించారు. రాసి చూశాను కూడా. ఆ కాగితం చించేశాను.

నిన్న నరసింహను కూర్చోబెట్టి బోల్టు ముక్క, నా పుస్తకం ముందు పెట్టాను. చెప్పాను. వాడు ముక్కను చాలా సేపు తిప్పి చూశాడు.

“అయితే నేను నిద్దరపోలా?”

“లేదప్పా.”

“కన్ను గూడా మూయలా?”

“మూయలా. నువ్వు చెప్పిందే నిజం. గుంజింది.”

వాడు పుస్తకం చూశాడు. తేదీ మీద వేలు పెట్టాడు.

“బోల్టు అతుకని నీకు మొదటి నుంచి తెల్సు.”

“తెల్సు.”

“కోడుమూరులో ఆ రంగమ్మ కాళ్ళు పట్టుకుంటి గదా నేను. నీ మొగున్ని నేనే సంపినానమ్మా అంటి. ఆ పొద్దు నువ్వు యాడుంటివన్నా?”

“నీ పక్కనే ఉంటి.”

“ఆమె కాళ్ళ మీంచి నన్ను లేపింది ఎవరు?”

“నేనే.”

వాడు అరిచి ఉంటే బాగుండేది. లేచి, తినే పళ్ళెం కడిగి బోర్లించి, చొక్కా వేసుకున్నాడు. “కోర్టుకు వస్తా. తప్పు ఒప్పుకోను. ఆమె దగ్గరికి మాత్రం ఈతూరి నువ్వు పో. నేను రాను” అని మగ్గాల షెడ్డుకు పోయాడు. రాత్రి అన్నానికి రాలేదు. ఈ రోజూ రాలేదు.

లాయరుకు ముక్క చూపించాను. దాన్నీ, మనిద్దరినీ కోర్టు ముందు పెడదామన్నాడు. ఆ తర్వాత కేసు ఎవరి మీదికి తిరుగుతుందో తాను చెప్పలేనన్నాడు. మీ మీదికి రావచ్చు, నా మీదికి రావచ్చు. మీరు రానంటే నేను తప్పు పట్టను.

కోర్టు కన్నా ముందు, బుధవారం నాడు కోడుమూరు పోతున్నాను. ఇస్సాకు భార్య రంగమ్మ నరసింహను క్షమించానని ఆ రోజు చెప్పింది. చేయని పనికి వాడు తీసుకున్న క్షమాపణ అది. దాన్ని వెనక్కి ఇచ్చి, చేసినవాణ్ణి చూపించాలి. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుందామని కూర్చున్నాను. నా పేరు తప్ప ఏమీ రాలేదు.

తిక్కయ్య.

•

ఆదోని,
13 ఆగస్టు 2024.

తిక్కయ్యకు,

చెప్పినానని తెలిసినందుకు మనసు తేలికైతాదనుకుంటి. కాలా. చెప్పి ఊరుకునింది గూడా పనే. నాలుగో దినం రాకపోతే అయిదో దినం నేనే మనిషిని తోలి ఉండాల. నాకు అడ్రసు తెల్సు, సామ్సన్ ఆటో అప్పుడూ ఉండె. బండి మళ్ళా రాలేదంటే బాగుండాదిలే అనుకుంటి.

కోర్టుకు వస్తా. అది ఇరవయ్యో తేదీ మాట.

రేపు ఒక్కడివే పోవద్దు. పొద్దున ఆదోని బస్సు ఎక్కతా. తొమ్మిదికి ఎమ్మిగనూరు బస్టాండులో, కోడుమూరు బస్సు నిలబడే తావున ఉండు. అఫ్సానా తోడు వస్తానంటే వద్దన్నా. ఆయమ్మ చేసిన తప్పు ఏముంది.

రంగమ్మ మనల్ని తిడతాది. తిట్టాల. అయితే నాకు ఇనపడదు. తిట్లు ఇనకుండా ఆమె ఎదురుగా నిలబడితే అది నిలబడినట్టు గాదు. కాగితం, పెన్ను తెచ్చుకో. ఆమె అంటాండంగానే రాసి నాకు చూపియ్యి. ముసలోడని మెత్తగా మార్చి రాయొద్దు. ఒక్క మాట గూడా ఇడిసిపెట్టొద్దు.

గఫూర్ సాబ్.